మెగుమి హయాషిబారా గొంతులో ఏముంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. జపాన్ యానిమేషన్‌లో పాత్రలకు గొంతు ఇచ్చే మెగుమి హయాషిబారాను అంత పెద్ద కళాకారిణిగా ఎందుకు లెక్కిస్తారన్నది మొదటిది. గొంతు మార్చగలగడమే ఆమె ప్రత్యేకత అయితే మిమిక్రీ కళాకారులకూ ఆమెకూ తేడా ఏమిటన్నది రెండోది. రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబు దొరుకుతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. హైదరాబాదు డబ్బింగ్ థియేటర్లలో, ముఖ్యంగా ఏ పాత్రకు ఏ గొంతు నప్పుతుందో ఎంచే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి కాబట్టి, ఆమెను నేను అభిమానిగా కన్నా ఆ పనివాడి చెవితోనే ఎక్కువ విన్నాను. నా అంచనాలో ఆమె గొంతు మీరనుకున్నంతగా ఏమీ మారదు. శ్రద్ధగా వింటే ఆమె చేసిన ప్రధాన పాత్రలన్నిటిలోనూ అదే గొంతు ఆనవాలు పట్టుకోవచ్చు. మారేదల్లా ఆ పాత్ర తన మనసులో ఉన్నదాన్ని ఎంత బయటపెడుతుంది, ఎంత లోపలే ఉంచుకుంటుంది అన్న మోతాదు. ఆ మోతాదు కుదర్చడంలో ఆమె దిట్ట. మిమిక్రీలో మనం వినేది ఎవరి గొంతో గుర్తుపడతాం, నవ్వుకుంటాం, అక్కడితో అయిపోతుంది. ఈమె పనిలో గొంతు ఎవరిదన్న సంగతి మరిచిపోయి, ఆ పాత్ర ఏం చెప్పకుండా ఊరుకుందో వినడం మొదలుపెడతాం.

ఆమె 1967 మార్చి 30న తోక్యోలోని కితా వార్డులో పుట్టారు. హైస్కూలు తర్వాత నర్సింగ్ చదువులో చేరారు. అదే సమయంలో ఆర్ట్స్ విజన్ అనే ఏజెన్సీ నడిపే శిక్షణ సంస్థకు దరఖాస్తు పెట్టుకుని, అక్కడా ఎంపికై, రెండు చదువులనూ పక్కపక్కనే సాగించారు. నర్సు అర్హత కూడా సంపాదించారు. ఈ సంగతిని అభిమానులు ఒక వింతగా చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం ఆమె పనిని అర్థం చేసుకోవడానికి ఇదొక మంచి ఆధారంగా కనిపిస్తుంది. నొప్పిని నోటితో చెప్పేవాళ్లు కొందరైతే, చెప్పకుండా పళ్ల బిగువున భరించేవాళ్లు కొందరు. ఆ తేడాను పుస్తకంలో కాక వార్డులో చూసిన మనిషికి, పాత్ర ఊపిరి ఎక్కడ బిగపడుతుందో విడిగా చెప్పక్కర్లేదు. ఇది నా ఊహేనని ఒప్పుకుంటాను. ఆమె పాత్రలు విన్న కొద్దీ మాత్రం ఆ ఊహ బలపడుతూనే వచ్చింది.

తెరమీద ఆమె మొదటి పని 1986లో మొదలైన మేజోన్ ఇక్కోకు ధారావాహికలో చిన్నాచితకా పాత్రలు. కిండర్‌గార్టెన్ పిల్లలు, దారినపోయేవాళ్లు, పేరులేని గొంతులు. మన థియేటర్లలో క్రౌడ్ వాయిస్ అంటామే, అదే. కొత్తగా వచ్చిన ఎవరికైనా అక్కడా ఇదే గుమ్మం. 1988లో మషిన్ హీరో వతారులో హిమికో అనే నింజా పిల్ల పాత్రతో ఆమెకు వారం వారం వినిపించే స్థానం దొరికింది. ఆ హిమికో ఎప్పుడూ నవ్వుతూ తుళ్లుతూ ఉండే పిల్ల, దాపరికం అన్న మాటే తెలియనిది. మరుసటి ఏడు, 1989లో, గండమ్ (Gundam) అనే రోబో యుద్ధకథల వరుసలోని ఆరు భాగాల చిన్న ధారావాహికలో క్రిస్టినా మెకెంజీగా చేశారు. పక్కింటి అబ్బాయితో అక్కలా ఆప్యాయంగా మాట్లాడే ఆ యువతి నిజానికి రహస్య యుద్ధయంత్రానికి టెస్ట్ పైలట్. ఆ సంగతి ఆ అబ్బాయికి తెలియదు. ఏడాది తేడాతో వచ్చిన ఈ రెండు పాత్రలనూ వెంటవెంటనే వింటే, ఇరవై రెండేళ్ల వయసుకే ఆమె రెండు కొసలనూ పట్టుకున్నారని తెలుస్తుంది.

అక్కడి రికార్డింగ్ పద్ధతి గురించి కొంచెం చెప్పకపోతే తక్కిన కథ సరిగా అర్థం కాదు. మన దగ్గర డబ్బింగ్ ఆర్టిస్టు చాలావరకు ఒంటరిగా నిలబడి, లూప్ తర్వాత లూప్‌గా, అంటే సన్నివేశాన్ని చిన్న ముక్కలు చేసుకుని, తన ట్రాక్ ఇచ్చి వెళ్లిపోతారు. జపాన్ టీవీ యానిమేషన్‌లో, కరోనాకు ముందు వరకూ, ఒక ఎపిసోడ్‌లోని నటీనటులంతా ఒకే గదిలో కలిసి రికార్డు చేయడమే ఆనవాయితీ. గోడ వెంబడి కుర్చీలు, ఎదురుగా తెరలు, మధ్యలో మూడో నాలుగో మైకులు. పదిహేను మంది నటులకు మైకులు అన్నే కాబట్టి, తన మాట రాబోయే ముందు అడుగుల చప్పుడు లేకుండా లేచి, ఖాళీ అయిన మైకు దగ్గరికి చేరి, మాట చెప్పి, మరొకరికి దారి ఇచ్చి తప్పుకోవాలి. చేతిలోని స్క్రిప్టు పేజీ తిప్పేటప్పుడు కాగితం గలగలమనకూడదు. గరగరలాడే బట్టలు వేసుకోరు. తెరమీద బొమ్మ పూర్తయి ఉంటుందన్న నమ్మకం లేదు. చాలాసార్లు పెన్సిలు గీతలే కనిపిస్తాయి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే గుర్తు ఒకటి వెలిగి ఆరుతుంది. పెదవులు కదిలే మనిషి ఎదురుగా లేడు. ముఖంలో ఏ భావం రాబోతోందో గీసినవాళ్లకే ఇంకా తేలి ఉండకపోవచ్చు. అక్కడ గొంతే మొదటి నటన, బొమ్మ కొన్నిసార్లు దాని వెనకాల వస్తుంది. మన డబ్బింగుకూ దానికీ ఉన్న అసలు దూరం ఇదే. మనం ఒకరు నటించి పెట్టిన ముఖానికి లిప్ సింక్ చూసుకుంటూ గొంతు అమరుస్తాం. వాళ్లు ఇంకా ముఖం రాని మనిషికి గొంతు ఇస్తారు.

ఆ గదిలో ఆమె పేరు స్థిరపడింది 1989 ఏప్రిల్‌లో మొదలైన రాన్మాతో. రుమికో తకాహాషి కామిక్ ఆధారంగా వచ్చిన ఈ కథలో రాన్మా అనే, యుద్ధవిద్యలు నేర్చిన కుర్రవాడు శాపం తగిలిన ఊటలో పడతాడు. చన్నీళ్లు పడితే అమ్మాయి అవుతాడు, వేణ్ణీళ్లు పడితే మళ్లీ అబ్బాయి. అబ్బాయి రాన్మాకు కప్పేయి యమాగుచి, అమ్మాయి రాన్మాకు హయాషిబారా గొంతు ఇచ్చారు. పైపైన చూస్తే సులువైన పంపకంలా ఉంటుంది గానీ అసలు చిక్కు అక్కడే ఉంది. ఆకారం అమ్మాయిదే అయినా లోపలున్నది ఆ కుర్రవాడే. కాబట్టి ఆమె యమాగుచి మాట విరుపును, పొగరును, వాక్యం చివర తెగేసే తీరును ఒంటబట్టించుకుని, తన గొంతులో పలికించాలి. ఒక బకెట్ నీళ్లు పడ్డ క్షణంలో నటుడు మారినా మనిషి మారలేదని వినేవాడికి అనిపించాలి. దీనికి మరో మెలిక కూడా ఉంది. కొన్ని సన్నివేశాల్లో రాన్మా తనకు కావలసింది రాబట్టుకోవడానికి ముద్దులొలికే అమ్మాయిలా నటిస్తాడు. అంటే ఒక నటి, అమ్మాయి ఒంట్లో ఉన్న అబ్బాయిగా, అమ్మాయిలా నటిస్తున్న అబ్బాయిని నటించాలి. ఆ తీపి గొంతు కింద ఎక్కడో వెక్కిరింత మెరుస్తూ ఉంటుంది, పని కాగానే ఒక్క మాటలో పాత గరుకుతనం తిరిగొస్తుంది. మా దగ్గర ఆడిషన్‌కు వచ్చే కొత్తవాళ్లకు నేను ఇప్పటికీ వినిపించేది ఈ సన్నివేశాలనే. భాష తెలియకపోయినా పొరలు తెలుస్తాయి.

ఇక్కడ డబ్బు సంగతి కొంచెం మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఆమె ప్రయాణం ఆ తర్వాత తీసుకున్న మలుపుకు అదే నేపథ్యం. జపాన్‌లో టీవీ యానిమేషన్‌కు గొంతు ఇచ్చేవారి పారితోషికం ర్యాంకుల పద్ధతి మీద నడుస్తుంది. అన్నిటికన్నా కింది ర్యాంకులో ఉన్నవారికి అరగంట ఎపిసోడ్‌కు దక్కేది 15,000 యెన్‌లు. ఒక్క మాట చెప్పినా వంద మాటలు చెప్పినా అంతే. అందులోంచి ఏజెన్సీ వాటా పోవాలి. వారానికి ఒకటి రెండు ఎపిసోడ్‌లతో తోక్యోలో ఇల్లు గడవదు, అందుకే కొత్తవాళ్లలో చాలామంది దుకాణాల్లో, హోటళ్లలో పార్ట్‌టైమ్ పనులు చేస్తూ ఆడిషన్లకు తిరుగుతారు. అనుభవం పెరిగి ర్యాంకు పైకి వెళితే పారితోషికం పెరుగుతుంది గానీ, అప్పుడు తక్కువ బడ్జెట్ ధారావాహికలు చవగ్గా దొరికే కొత్తవాళ్ల వైపు చూస్తాయి. పైకి ఎక్కడమే పని తగ్గడానికి కారణమయ్యే విచిత్రమైన నిచ్చెన అది.

హయాషిబారా తరం ఈ చిక్కుకు వెతుక్కున్న దారి పాటలు, రేడియో. కింగ్ రికార్డ్స్‌లో యానిమేషన్ కోసం ప్రత్యేకంగా ఉన్న స్టార్‌చైల్డ్ లేబుల్‌తో ఆమె 1990ల ఆరంభం నుంచీ ఆల్బములు చేశారు. చాలా పాటలు మెగుమి అన్న పేరుతో తానే రాసుకున్నారు. 1992లో మొదలైన తోక్యో బూగీ నైట్ అనే ఆమె రేడియో కార్యక్రమం ముప్ఫై ఏళ్లు దాటి సాగింది. ఉత్తరాలు చదవడం, జవాబు చెప్పడం, ఒక పాట వేయడం, మధ్యలో కబుర్లు, అంతే. రేడియోలో వారం వారం తానుగా మాట్లాడే అవకాశం ఉండటం ఆమె నటనకు మేలు చేసిందని నా నమ్మకం. తన సొంత గొంతుకు ఒక చోటు ఉంది కాబట్టి, పాత్రల్లోకి దాన్ని దొంగచాటుగా చొప్పించే అవసరం ఆమెకు రాలేదు. పేరున్న కళాకారులు కొన్నాళ్లకు ప్రతి పాత్రలోనూ తమనే వినిపించడం మొదలుపెడతారు. ఆ జబ్బు ఆమెకు అంటలేదు. ఇంకో మాట. 1990ల స్వరనటుల మోజును మొదలుపెట్టినవారిలో ఆమెను లెక్కిస్తారు, యానిమేషన్ పత్రికల పాఠకుల ఓటింగులో ఆ దశాబ్దమంతా ఆమెదే పైచేయి. అయినా సొంత కచేరీకి మాత్రం 2017 దాకా ఒప్పుకోలేదు. తర్వాతి తరం నటీమణులకు వేదిక మీద ఆటపాటలు ఉద్యోగంలో భాగమైపోయాయి. ఆమె ఆ తలుపు తెరిచి, తాను మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయారు.

ఇప్పుడు 1995. ఆ ఒక్క ఏడును వివరంగా విప్పితే చాలు, మీ మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు పూర్తవుతుంది.

ఆ ఏప్రిల్‌లో స్లేయర్స్ మొదలైంది. కథానాయిక లీనా ఇన్వర్స్ మంత్రగత్తె. తిండిపోతు, ధనాశ, కోపిష్టి, పైగా అవన్నీ గర్వంగా చాటుకునే మనిషి. ఆమె మనసులో మెదిలింది మరుక్షణంలో నోట్లో ఉంటుంది. ఒక ఎపిసోడ్‌లో అరుపులు, వాగ్వాదాలు, నోటినిండా అన్నంతో తిట్లు, ఉన్నట్టుండి ఒక సుదీర్ఘమైన మంత్రం. డ్రాగన్ స్లేవ్ అనే ఆ మంత్రాన్ని జాగ్రత్తగా వినండి. అప్పటిదాకా గలాటా చేసిన గొంతు దిగి, నిలకడగా, పాదం తర్వాత పాదంగా బరువు పెంచుకుంటూ వెళ్లి, చివర మంత్రం పేరు దగ్గర ఒక్కసారి పేలుతుంది. హాస్య పాత్రే అయినా ఆ ఇరవై క్షణాల్లో ఆ పిల్ల నిజంగా ప్రమాదకరమని నమ్మిస్తారు. నమ్మకం ఏర్పడింది కాబట్టే తర్వాత వచ్చే హాస్యం పండుతుంది.

అదే ఏడు అక్టోబరు 4న నియోన్ జెనెసిస్ ఎవాంజెలియన్ మొదలైంది. అందులో రేయి అయనామిగా చేసింది కూడా ఈమే. రేయి పద్నాలుగేళ్ల అమ్మాయి, యుద్ధయంత్రపు పైలట్, ఎవరితోనూ ఒక మాట ఎక్కువ మాట్లాడదు. ఇలాంటి పాత్ర చేతికొస్తే మామూలుగా ఎవరైనా చేసే పని, గొంతులోంచి భావాన్ని పిండేసి యంత్రంలా చదవడం. దర్శకుడు హిదేయాకి అన్నో ఆమెకు చెప్పింది అది కాదు. ఈ అమ్మాయికి భావాలు లేక కాదు, అవి ఏమిటో ఇంకా తెలియక అలా ఉంటుందన్నది ఆయన సూచన సారాంశమని ఆమే తర్వాత చెప్పారు. వినడానికి చిన్న తేడానే, గొంతులోకి వచ్చేసరికి భూమ్యాకాశాల తేడా. లేనిదాన్ని నటించడం తేలిక. ఉండి, దాని పేరు తెలియని స్థితిని నటించాలంటే, ప్రతి మాట వెనకా ఏదో తడబాటు ఉండాలి, అది బయటికి మాత్రం వినిపించకూడదు.

ఆరో ఎపిసోడ్ చివర చూడండి. కథానాయకుడు, తోటి పైలట్ అయిన షింజీని కాపాడుతూ రేయి యంత్రం వేడికి మాడిపోతుంది. షింజీ పరుగున వచ్చి, కాలుతున్న పిడిని చేతులతో తిప్పి తలుపు తెరిచి, ఆమె బతికి ఉందని చూసి ఏడ్చేస్తాడు. రేయికి అది అర్థం కాదు. ఎందుకు ఏడుస్తున్నావని అడుగుతుంది. తర్వాత, ఇలాంటప్పుడు ముఖం ఎలా పెట్టుకోవాలో తనకు తెలియదంటూ క్షమాపణ చెబుతుంది. నవ్వితే చాలంటాడు షింజీ. ఆ క్షమాపణ మాటను హయాషిబారా ఎలా పలికారో గమనించండి: జాలి పుట్టించే వణుకు లేదు, సిగ్గు లేదు, మాట మధ్యలో ఎక్కడా ఒత్తు లేదు. ఎవరైనా తనకు దారి తెలియదని చెప్పినంత మామూలుగా చెబుతుంది. అంత మామూలుగా చెప్పడం వల్లే వినేవాడి గుండె బరువెక్కుతుంది. తర్వాత వచ్చే చిన్న నవ్వు బొమ్మలో ఉందే గానీ గొంతులో లేదు. అక్కడ ఆమె ఏమీ కలపలేదు. ఏమీ కలపకుండా ఉండటానికి ఎంత ధైర్యం కావాలో, మైకు ముందు నిలబడినవాళ్లకు తెలుస్తుంది.

ఆ ధారావాహికలోనే షింజీ తల్లి యుయి గొంతు ఆమెదే, ఇంట్లో తిరిగే పెంపుడు పెంగ్విన్ పెన్‌పెన్ కూతలూ ఆమెవే. పెంగ్విన్ సంగతి సరదాకు చెప్పుకునేదే అయినా, తల్లి గొంతు మాత్రం కథకు కీలకం. రేయిలో తల్లి ఛాయలున్నాయని షింజీకి తెలియకముందే మన చెవికి తెలుస్తుంది. పైగా రేయి ఒక్కతి కాదు. ఒక రేయి చనిపోతే అదే రూపంతో, పాత అనుబంధాల జ్ఞాపకం లేకుండా ఇంకొకతి వస్తుంది. ఆ తర్వాత 2007, 2009, 2012, 2021లలో వచ్చిన నాలుగు కొత్త సినిమాల్లోనూ ఇదే సవాలు మరింత పెరిగింది. రెండో సినిమాలో రేయి కాస్త వెచ్చబడుతుంది, అందరినీ భోజనానికి పిలవాలని వంట నేర్చుకుంటుంది. మూడో సినిమాలో ఉన్నది మరో రేయి, మళ్లీ బండరాయి. చివరి సినిమాలో ఆ రేయే ఒక పల్లెకు చేరి, ఆడవాళ్లతో కలిసి మడిలోకి దిగి నాట్లు వేస్తుంది. శుభోదయం అంటే ఏమిటి, ధన్యవాదం అంటే ఏమిటి అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటుంది. పల్లెలో నాట్ల కాలం ఎరిగిన మనవాళ్లు ఆ సన్నివేశాలను అక్కడివాళ్లకంటే తక్కువగా ఏమీ ఆస్వాదించరు. పాత్ర రూపం అదే, గొంతు అదే, స్థాయి కూడా దాదాపు అదే. అయినా కొత్త మాట నేర్చుకున్న ప్రతిసారీ తర్వాతి వాక్యం రవ్వంత మెత్తబడుతుంది. దాదాపు ఇరవై ఐదేళ్లుగా పట్టుకున్న పాత్రలో అంత సన్నని మార్పు చూపించడానికి, మొదటినాడు ఏమీ వృథా చేయకుండా దాచుకున్నదే ఆమెకు పెట్టుబడి అయింది.

ఒకే ఏడాదిలో లీనా, రేయి. ఏదీ దాచుకోలేనిది ఒకతి, దాచుకుంటున్నదేమిటో తెలియనిది ఇంకొకతి. ఈ రెంటి మధ్యే ఆమె తక్కిన పాత్రలన్నీ ఎక్కడో ఒక చోట సర్దుకుంటాయి.

1997 ఏప్రిల్‌లో పోకీమాన్ మొదలైనప్పుడు టీమ్ రాకెట్‌లోని ముసాషిగా చేరారు. మన పిల్లలకు జెస్సీగా తెలిసిన ఎర్రజుట్టు దొంగ ఆమే. ఇక్కడి టీవీల్లో మనం విన్నది వేరే గొంతు కనుక, ఆ పాత్ర మూలంలో ఎలా ఉంటుందో మన తరం పిల్లలకు తెలియలేదు. వారం వారం అదే నినాదం, అదే పథకం, అదే ఓటమి. ఇరవై ఆరేళ్లు, అంటే కథానాయకుడు సతోషి (మనకు యాష్) కథ ముగిసిన 2023 మార్చి దాకా, ఆ నినాదాన్ని మొదటిసారి చెబుతున్నంత హుషారుగా చెప్పడమే అక్కడ నైపుణ్యం. దీని గురించి ఎక్కువ చెప్పను. ఒక సంగతి మాత్రం: సతోషి దగ్గరున్న ఫుషిగిదానె, మనకు బల్బసార్, అదీ ఆమె గొంతే.

మరుసటి ఏడు కౌబాయ్ బీబాప్‌లో ఫే వాలెంటైన్. జూదగత్తె, అప్పులపాలు, నోటి దురుసు, ఎవరినీ నమ్మదు. యాభై ఏళ్లకు పైగా శీతల నిద్రలో ఉండి లేచింది, గతం ఏదీ గుర్తులేదు. పద్దెనిమిదో ఎపిసోడ్‌లో ఆమె పేరిట బీటామాక్స్ రకం పాత వీడియో టేపు ఒకటి వస్తుంది. అది ఆడే యంత్రం కోసం నానా తంటాలు పడి చివరికి పెట్టి చూస్తే, తెరమీద స్కూలు వయసులో ఉన్న ఫే, పదేళ్ల తర్వాతి తనకు ఉత్సాహం చెబుతూ, చేతులు ఊపుతూ, ఓడిపోవద్దంటూ తనకు తానే కేకలు పెడుతుంది. చూస్తున్న పెద్ద ఫే తనకేమీ గుర్తులేదని మాత్రమే అంటుంది. రెండు గొంతులూ హయాషిబారావే. టేపులోని పిల్ల గొంతు పల్చగా, కొంచెం సిగ్గుతో మొదలై, నమ్మకంగా పైకి లేస్తుంది. పెద్ద గొంతులో మామూలుగా ఉండే పొగరు పూర్తిగా ఆరిపోయి ఉంటుంది, ఏడుపు మాత్రం రాదు. చిన్నప్పటి గొంతు వేయమంటే చాలామంది స్థాయి పెంచి ఊరుకుంటారు. ఇక్కడ మారింది స్థాయి కన్నా నమ్మకం. ఆ పిల్లకు ముందున్న జీవితం మీద అనుమానమే లేదు, అదే ఆ గొంతులో వినిపిస్తుంది.

డిటెక్టివ్ కోనన్‌లోని ఆయి హైబరా 1999 జనవరి నుంచి ఆమె చేతిలో ఉంది. కొందరు దీన్ని రేయికి నకలు అంటారు, నేను ఒప్పుకోను. రెండూ తక్కువ స్థాయిలో, తక్కువ మాటల్లో నడిచే గొంతులే. కానీ హైబరా తెలిసే దాస్తుంది. పద్దెనిమిదేళ్ల శాస్త్రవేత్త, నేరముఠా కోసం తాను తయారుచేసిన మందునే మింగి చిన్నపిల్లగా మారిపోయింది. అక్కను ఆ ముఠాయే చంపింది. చుట్టూ ఉన్న బడిపిల్లల మధ్య కూర్చుని ఆమె చెప్పే ప్రతి చల్లని మాటలోనూ కాస్త వ్యంగ్యం, కాస్త అలసట ఉంటాయి. రేయిలో అవి ఉండనే ఉండవు. హైబరా పరిచయమైన మొదటి ఎపిసోడ్‌లోనే, అంత చల్లగా మాట్లాడుతూ వచ్చిన మనిషి కోనన్ చొక్కా పట్టుకుని, ఇంత తెలివైనవాడివి అక్కను ఎందుకు కాపాడలేదని బావురుమంటుంది. ఆ ఒక్క ఏడుపు తర్వాత ఏళ్ల తరబడి ఆమె ఎంత పొడిగా మాట్లాడినా మనకు ఆ తడి గుర్తుంటుంది. 2023లో వచ్చిన కోనన్ సినిమా ఈ పాత్ర చుట్టూనే తిరిగింది, ఆ సినిమాల వరుసలో జపాన్‌లో మొదటిసారి వెయ్యి కోట్ల యెన్‌ల వసూళ్లు దాటింది. ఇంకో ముచ్చట: కథానాయకుడు షినిచి కూడా అదే మందుతో కోనన్ అనే పిల్లవాడిగా మారినవాడే; మారకముందు షినిచికి గొంతు కప్పేయి యమాగుచిది, కోనన్‌కు మినామి తకయమాది. వీళ్లిద్దరూ రాన్మాలో హయాషిబారాతో కలిసి పనిచేసినవారే. ఒకే మనిషిని ఇద్దరు నటులు పంచుకోవడమనే ఆట ఆ బృందానికి కొత్త కాదు.

సతోషి కోన్ తీసిన 2006 నాటి పప్రికాలో ఆ ఆట తలకిందులైంది. పగటిపూట గంభీరంగా ఉండే డాక్టర్ చిబా, కలల్లో తిరిగే అల్లరి పప్రికా ఒకే మనిషి రెండు ముఖాలు, రెంటికీ ఈమే. ఆమె పని తెలియనివారికి రెండు గంటలైనా లేని ఆ ఒక్క సినిమా మంచి పరిచయం.

2004లో తల్లి అయ్యాక ఆమె కొత్త పాత్రలు బాగా తగ్గించుకుని, చేతిలో ఉన్న దీర్ఘకాలపు పాత్రలను, రేడియోను నిలుపుకున్నారు. పైన చెప్పిన పారితోషికపు లెక్కలు తెలిసినవారికి ఇది ఎంత సాహసమో అర్థమవుతుంది. కళ్లముందు కనిపించకపోతే మరిచిపోయే రంగం అది. ఆమెను ఆదుకున్నది, ఏళ్ల తరబడి ముగియని కథల్లో విడదీయలేని పాత్రలు ఆమెకు ఉండటం. ఇందులో అదృష్టం పాలు లేదనను. ముసాషి, హైబరా ఇంతకాలం బతుకుతారని మొదలుపెట్టిననాడు ఎవరూ అనుకుని ఉండరు. 2016లో రకుగో, అంటే ఒక్కరే కూర్చుని కథ చెప్పే జపాన్ సంప్రదాయ కళ, దాని కథకుల జీవితం మీద వచ్చిన ధారావాహికలో మియోకిచి అనే గెయిషాగా చేసి, గాయని రింగో షీనా రాసి స్వరపరచిన ప్రారంభ గీతమూ పాడారు. ఆ పాత్రలో వయసు, ఆశ, ఈర్ష్య ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. 1990లనాటి హయాషిబారా దాన్ని అలా చేయలేకపోయేవారని నా అభిప్రాయం.

2024 అక్టోబరులో రాన్మాను మాప్పా స్టూడియో మళ్లీ మొదటి నుంచీ తీసింది. అబ్బాయి రాన్మాకు యమాగుచి, అమ్మాయి రాన్మాకు హయాషిబారా, రాన్మాకు కాబోయే భార్య అకానెకు నోరికో హిదాకా, మూడున్నర దశాబ్దాల తర్వాత మళ్లీ అదే జట్టు. అప్పటికి హయాషిబారా వయసు 57. పాత గొంతులే పిలవడం పాత అభిమానుల కోసం వేసిన ఎత్తు అన్నవారూ ఉన్నారు, అందులో నిజం లేకపోలేదు. అయితే పాత, కొత్త మొదటి ఎపిసోడ్‌లను పక్కపక్కన పెట్టి వినండి. పై స్థాయిలో మునుపటి తళుకు కొంచెం తగ్గింది, అరుపు చివర గరుకు పెరిగింది. ముద్దుల అమ్మాయిగా నటించే చోట్ల మాత్రం లోపలి వెక్కిరింత ఇంకా పదునెక్కింది. గొంతు మీదే ఆధారపడి ఉంటే ఈ వయసులో ఈ పాత్ర నిలబడేది కాదు.

మీరు ఈ రంగంలోకి రావాలనుకుంటున్నట్టు ప్రశ్న చివర రాశారు కాబట్టి, వినే వరుస ఒకటి చెబుతాను. సబ్‌టైటిళ్లు పెట్టుకుని, తప్పనిసరిగా జపనీస్ ట్రాక్‌లోనే వినండి. ముందు స్లేయర్స్ ఏదో ఒక ఎపిసోడ్, వెంటనే ఎవాంజెలియన్ ఆరో ఎపిసోడ్. ఆ తర్వాత బీబాప్ పద్దెనిమిదోది. హైబరా వచ్చే కోనన్ ఎపిసోడ్‌లు రెండు మూడు విన్నాక, వాటిలోని ఒక సన్నివేశాన్ని తెలుగులో మీరే మాటలు రాసుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆమెను అనుకరించవద్దు, అనుకరణ ఎలా ఉందో చెప్పడానికి మీ స్నేహితులు చాలు. మీ రికార్డింగులో చూసుకోవలసింది ఒకటే: ఆ పాత్ర చెప్పకూడదనుకున్నదాన్ని మీ గొంతు ఎక్కడ ముందే చెప్పేసిందో పట్టుకోండి. సాధారణంగా అది వాక్యం చివరి రెండు అక్షరాల దగ్గర, లేదా వాక్యానికి ముందు తీసుకునే ఊపిరి దగ్గర బయటపడుతుంది. దాన్ని తీసేసి మళ్లీ రికార్డు చేయండి.